రెండో థామస్

నడిలంక పురపాలక సంఘం కమిషనరు రఘోత్తమరావు గారు ఏడాదికోసారి రాజధానిలో శిక్షణకి వెళ్తారు. వెళ్ళినవారు ఊరికే రారు, ఏదో ఒక జ్ఞానం పట్టుకొస్తారు. ఒకసారి నవ్వితే పని ఎక్కువవుతుందన్న జ్ఞానం తెచ్చి, పన్నుల విభాగం వాళ్ళని పొద్దున్నే వరండాలో నిలబెట్టి నవ్వించారు. పన్ను కట్టడానికొచ్చినవాళ్ళు తమని చూసే నవ్వుతున్నారనుకుని కట్టకుండా వెళ్ళిపోయారు. ఈసారి తెచ్చింది పేర్ల జ్ఞానం.

"మనిషి చేయవలసిన పని అతని పేరులోనే ఉంటుంది. పేరుకీ పనికీ పొత్తు కుదరకపోవడం వల్లే ఈ దేశంలో ఆఫీసులు కుంటుతున్నాయి," అన్నారు కమిషనరు గారు మీటింగులో.

సూపరింటెండెంటు పేరిందేవి గారు మెల్లగా అడిగింది. "అందరి పేర్లకీనాండి?"

"కాదు, ఇంగ్లీషు పేర్లకి. తెలుగు పేర్ల అర్థం అందరికీ తెలుసు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ధర్మారావు చెయ్యి చాపినా, శాంతమ్మ జుట్టు పట్టుకున్నా మనకి వింతగా ఉండదు. ఇంగ్లీషు పేర్ల అర్థం మనకి తెలియదు. తెలియని దాంట్లో తప్పకుండా ఏదో ఉంటుంది."

మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఆంగ్ల నామధేయులగు సిబ్బంది యావన్మందియు తమ తమ నామార్థములకు అనుగుణముగా విధులు నిర్వర్తించవలెను. నామార్థమునకును విధికిని వైరుధ్యము గలచో, సదరు వైరుధ్యమును నామార్థ విభాగము వారు పరిష్కరించెదరు."

నామార్థ విభాగం అంటే వాచస్పతి గారు. పట్నం నుంచి సలహాదారుగా దిగి, కాలవ ఒడ్డున లాడ్జిలో ఉంటున్నారు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. పిల్లలకి పేర్లు పెట్టుకోవడానికి బస్టాండుల్లో అమ్ముతారే, అట్ట మీద బోసినవ్వుల పాపాయి బొమ్మతో, అది. దానికాయన కాకీ అట్ట వేసుకున్నారు. అట్ట పడేసరికి అది శాస్త్రం అయిపోయింది.

ఇక థామస్ దగ్గరికి వద్దాం. కథంతా అతని మీదే పడింది.

నడిలంకలో నీళ్ళు వదిలేది థామస్. తెలతెలవారుతుండగా భుజాన పొడుగాటి ఇనప తాళంచెవి వేసుకుని, సైకిలు మీద వీధివీధికీ తిరిగి, రోడ్డు పక్క గుంటల్లో వాల్వులు తిప్పుతాడు. ఏ ఇంట్లో పెళ్ళో, ఏ ఇంట్లో చావో ఊరందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. కాసేపు ఎక్కువ వదలమని వాళ్ళు ముందు అడిగేది అతన్నే. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఔట్‌సోర్సింగులో చేరాడు. జుట్టు తెల్లబడింది గాని, ఉద్యోగం మాత్రం అందులోంచి కదల్లేదు.

ఊరందరికీ నీళ్ళిచ్చేవాడి ఇంట్లో కుళాయి లేదు. అద్దె కొంప. భార్య సలోమి వీధి చివరి బోరింగు నుంచి బిందెలు మోస్తుంది.

"నీళ్ళ థామస్ పెళ్ళాన్నంటే బోరింగు కాడ నవ్వుతున్నారయ్యా నన్ను," అంటుంది రోజూ. "నవ్వనీలే," అంటాడు ఇతను రోజూ.

పర్మినెంటు అయితే ట్యాంకు పక్క క్వార్టరు ఇస్తారు. అందులో వంటింట్లో ఒక కుళాయి, పెరట్లో ఒక కుళాయి. ఆ ఏడు పైనుంచి ఒక్క పోస్టు పర్మినెంటు చేసుకోమని ఉత్తర్వు వచ్చింది. థామస్ ఫైలు సంతకం కోసం కమిషనరు గారి బల్ల ఎక్కింది. సలోమి క్వార్టరు కిటికీకి మూర వేసి కొలుచుకుని, సంతలో పూల గుడ్డ కూడా కొనేసింది. సరిగ్గా అప్పుడే సర్క్యులర్ దిగింది.

మొదటి వేటు క్యాషియరు మార్గరెట్ గారి మీద పడింది.

"మార్గరెట్ అనగా ముత్యము," అన్నారు వాచస్పతి గారు. "విలువైన వస్తువును నలుగురూ తాకే కౌంటరు వద్ద ఉంచుట ఆస్తి భద్రతా నియమాలకు విరుద్ధం."

ఆమె కుర్చీని ఇనప తలుపుల గదిలోకి మార్చారు. ఎవరైనా పన్ను కట్టడానికొస్తే, ఇద్దరు అధికారుల సమక్షంలో ఆమెని బయటికి తీసి, రసీదు రాయించి, మళ్ళీ లోపల పెట్టేవారు. ఆడిట్ వాళ్ళొచ్చి ముత్యం బరువెంతని అడిగారు. ఆమె చెప్పనంది. ఆడిట్ అభ్యంతరం రాసుకుపోయారు.

జనన మరణాల గుమాస్తా జార్జికి గ్రీకు భాషలో రైతని అర్థం వచ్చింది. పార్కులో గులాబీలు పీకించి అతని చేత వంకాయ నారు పోయించారు. జనన మరణాల ముద్ర ఎవరికి అప్పగించాలో సర్క్యులర్‌లో లేదు గనక, దాన్ని కూడా జేబులో వేసుకుని పార్కుకే పోయాడు.

బాగుపడ్డవాడంటే వాచ్‌మన్ గ్రెగరీ ఒక్కడే. అతను డ్యూటీలో నిద్రపోతాడని పాత కమిషనర్లు మెమోల మీద మెమోలు ఇచ్చారు. ఇప్పుడు చూస్తే గ్రెగరీ అంటే మెలకువగా ఉండేవాడట.

"పేరే కాపలా కాస్తుండగా, మనిషి కూడా మేలుకొనుట ఒకే పనికి ఇద్దరిని వినియోగించుట అవుతుంది," అని తేల్చారు వాచస్పతి గారు. గ్రెగరీకి ఆఫీసు తరఫున తలగడ ఇచ్చారు.

తర్వాత థామస్‌కి పిలుపొచ్చింది. సైకిలు గోడకి ఆనించి, చెప్పులు బయట విడిచి, లోపలికెళ్ళి నమస్కారం పెట్టాడు. వాచస్పతి గారు పుస్తకంలోంచి తలెత్తి, ఇతని వెనక గుమ్మం వైపు చూశారు.

"రెండోవారు ఎక్కడ?"

"రెండోవారెవరండి?"

"థామస్ అనగా అరమాయిక్ భాషలో కవల. కవల అన్నప్పుడు ఇద్దరుండాలి. మీరొక్కరే వచ్చారు."

"ఒక్కణ్ణేనండి. మొదట్నుంచీ ఒక్కణ్ణే."

"మరి ఈ పేరెందుకు పెట్టారు?"

థామస్ తల గోక్కున్నాడు. "మా ఊళ్ళో ఫాదరు గారు పన్నెండుమంది శిష్యుల పేర్లూ వరసగా పెట్టుకొచ్చేవారండి. ఎవరి వంతుకి ఏదొస్తే అది. నా ముందోడికి బర్తలోమయి పడింది. వాడి మీద నేను నయమేగదండి."

"పన్నెండో పేరు ద్రోహిది కదా. అదెవరికి పెట్టారు?"

"అక్కడికొచ్చేసరికి ఎవరూ బాప్తిస్మానికి పిల్లల్ని తెచ్చేవారు కాదండి. మా మేనమామ కొడుకు నడకొచ్చి, మాటలొచ్చి, బళ్ళో చేరే ఈడొచ్చినా పేరు లేకుండానే తిరిగాడు. ఆఖరికి ఫాదరు గారే జాలిపడి ఆ పేరు తన కుక్కపిల్లకి పెట్టేసి వరస ముందుకి నడిపించారు."

వాచస్పతి గారు నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. "అంటే కవలవని దాచారు."

"కవలనని నేను ఎప్పుడూ అన్లేదండి."

"అదే అంటున్నాను. ఎప్పుడూ అనలేదు. పోస్టు ఒకటి, మనిషి సగం. మిగతా సగం హాజరయ్యేవరకు ఫైలు కదలదు."

ఫైలు బల్ల మీంచి దిగి బీరువాలోకి వెళ్ళింది.

మర్నాడు థామస్ తల్లి శౌరమ్మని సైకిలు వెనక కూచోబెట్టుకుని తెచ్చాడు. ఆవిడకి కళ్ళు మసకలు. వాచస్పతి గారి బదులు కిటికీకి దణ్ణం పెట్టి కూర్చుంది.

"ఒకణ్ణి కన్నానో ఇద్దర్ని కన్నానో నాకు తెలీదా బాబూ. ఒక్కడే. ఈడే."

"ప్రసవ సమయంలో మీరు పూర్తి స్పృహలో ఉన్నారా?"

"నొప్పులు పడతా ఉంటే స్పృహ ఎక్కడుంటది నాయనా. లోకమే తెలవలేదు."

"సాక్షి స్పృహలో లేదు," అని రాసుకున్నారు ఆయన. "ఇంకొకరు పుట్టి ఉంటే ఈమెకు తెలిసే అవకాశం లేదు. మీరు వెళ్ళవచ్చు."

తిరిగొచ్చేటప్పుడు కాలవ వంతెన దాటాక శౌరమ్మ కొడుకు చొక్కా పట్టుకుని లాగింది.

"ఏరా, ఆ మంత్రసాని అదోరకం మనిషి. ఇద్దరేమోరా?"

"నీకు మతి పోయిందా అమ్మా?"

"నాకేం తెలుసురా. అంత చదువుకున్నాయన అంత గట్టిగా అంటున్నాడు."

చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. వాళ్ళు గట్టిగా అంటే, కన్నతల్లి కూడా కడుపు తడుముకుని చూసుకోవలసిందే.

దారి చూపించింది పేరిందేవి గారు. వరండా మూలకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇదిగో థామస్, లేడంటే వీళ్ళు నమ్మరు. పోయాడను. చిన్నప్పుడే పోయాడని మరణ ధ్రువపత్రం పెట్టెయ్యి, ఫైలు నేను కదిలిస్తాను."

"పుట్టనోణ్ణి ఎలా చంపుతానండి?"

"చంపమన్నానా? నమోదు చేయించమన్నాను."

థామస్ పార్కుకి వెళ్ళాడు. జార్జి లుంగీ ఎగ్గట్టి వంగ మొక్కలకి బోదెలు తీస్తున్నాడు. అంతా విని, మట్టి చేతులు తుడుచుకున్నాడు.

"చావు రాయాలంటే ముందు పుట్టుక ఉండాలి బ్రదర్. పుట్టనోడి చావు నేను రాస్తే నా ఉద్యోగం పోద్ది."

"మరి పుట్టుక రాయి."

"ఆలస్యపు నమోదు కింద రాస్తా. పేపర్లో ప్రకటన ఇయ్యాలి. ఎవరికన్నా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకుంటారు."

ప్రకటన వేశారు. నడిలంకలో పక్కింటివాడు పిట్టగోడ కట్టుకున్నా అభ్యంతరం చెప్పడానికి పదిమంది బయల్దేరతారు. ఈ పుట్టుకకి మాత్రం ఒక్కడూ రాలేదు. పుట్టినవాడికేం పేరు పెట్టాలని జార్జి వాచస్పతి గారికి రాసి అడిగాడు. ఇతనికి అతను కవల, అతనికి ఇతను కవల, కనుక ఇద్దరూ థామసులే అని జవాబొచ్చింది. ముందు దొరికినవాడు పెద్దవాడని కూడా అందులోనే తేల్చారు. జార్జి వంకాయల బుట్ట బోర్లించి, దాని మీద కాగితం పెట్టి ముద్ర గుద్దాడు. థామస్‌కి నలభై దాటాక తమ్ముడు పుట్టాడు.

ఇక తమ్ముడు పోవాలి. పోయాడనడానికి ఆసుపత్రి చీటీ కావాలన్నారు. ఆసుపత్రివాళ్ళు శవం ఉంటే తీసుకురమ్మన్నారు. శవం లేకపోతే, తప్పిపోయి ఏళ్ళు గడిచినా పోయినట్టే లెక్క, పోలీసు కాగితం తెచ్చుకోమని ఎవరో సలహా ఇచ్చారు. స్టేషన్లో రైటరు కలం తీశాడు.

"ఎప్పట్నుంచి కనపట్టం లేదు?"

"మొదట్నుంచీనండి."

రైటరు కలానికి మూత పెట్టేశాడు. "మొదట్నుంచీ కనపడనోణ్ణి తప్పిపోయాడని ఎలా రాస్తాను? తప్పిపోవాలంటే ముందు ఉండాలి కదా. ఎళ్ళి కాస్త టీ తాగి, బాగా ఆలోచించుకుని రా."

థామస్ టీ తాగాడు. ఆలోచించడానికేమీ దొరకలేదు. లేనివాడు పుట్టడానికి ఒక ముద్ర సరిపోయింది. వాడు చావడానికి మాత్రం ఆసుపత్రీ, పోలీసూ, శవం అన్నీ కావలసి వచ్చాయి. చేసేది లేక ఆఫీసుకి పుట్టిన కాగితం ఒక్కటే ఇచ్చుకున్నాడు.

వాచస్పతి గారి ముఖం వెలిగిపోయింది. "చూశారా, నామార్థం అబద్ధమాడదు," అన్నారు కమిషనరు గారితో.

ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. పోస్టు ఒకటి, థామసులు ఇద్దరు. ఊరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే, కవలలు గనక చదువూ ఒకటేనని రాసుకున్నారు, అయిదో తరగతి. యోగ్యతని బట్టి ఎంచాలని సంఘం కూర్చుంది. కమిషనరు గారు మధ్యలో, వాచస్పతి గారు కుడిపక్క, పేరిందేవి గారు ఎడమపక్క. థామస్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ముందు పెద్ద థామస్ ఫైలు విప్పారు. లావుగా ఉంది. పైపు పగిలిన రోజు రాసిన మెమో, మురికి నీళ్ళొచ్చాయని రాజుగారి వీధివాళ్ళు పెట్టిన అర్జీ, జీతాలు ఆలస్యమైతే గేటు దగ్గర కూర్చున్న రోజు ఫోటో.

"ఇదేమిటి?" కమిషనరు గారు ఒక కాగితం పైకెత్తారు. "నేను గడ్డం సగం గీసుకుని ఉండగా నీళ్ళు ఆగిన రోజు కదూ?"

"ఆయ్. మోటారు కాలిపోయిందండి ఆ రోజు."

"మోటారు సంగతి నేను అడగలేదు."

తర్వాత చిన్న థామస్ ఫైలు విప్పారు. పుట్టిన కాగితం తప్ప ఏమీ లేదు. ఒక్క మెమో లేదు. ఒక్క అర్జీ లేదు. సెలవు పెట్టలేదు, అప్పడగలేదు, యూనియన్లో చేరలేదు. కమిషనరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంత స్వచ్ఛమైన రికార్డు నా సర్వీసులో చూడలేదు."

ఇంటర్వ్యూకి బంట్రోతు వరండాలోకెళ్ళి చిన్న థామస్‌ని కేకేశాడు. ఎవరూ పలకలేదు.

"మితభాషి," అని రాసుకున్నారు వాచస్పతి గారు.

పేరిందేవి గారు ఏదో అనబోయి, కమిషనరు గారి ముఖం చూసి మానేసింది. రిటైర్మెంటు దగ్గర్లో ఉంది, ఆవిడనీ అనలేం. పోస్టు చిన్న థామస్‌కి ఇచ్చారు. క్వార్టరు కూడా అతనికే కేటాయించారు. అతను వచ్చి చేరేవరకు పెద్ద థామస్ యథాప్రకారం వాల్వులు తిప్పవలెనని కింద ఒక వాక్యం చేర్చారు.

ఇంటికొచ్చి చెప్తే సలోమి బిందె దించి, నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆవిడ పేరుకి శాంతి అని అర్థం. వాచస్పతి గారి దగ్గర విని వచ్చి థామస్ ఆ సంగతి చెప్పిన రోజున ఇంట్లో చెంబు ఒకటి సొట్టపోయింది.

"నీ తమ్ముడికొచ్చిందా? ఎవడయ్యా ఆ తమ్ముడు? నా పెళ్ళికి రాలేదే. నా పిల్లల్ని ఎత్తుకోలేదే. బోరింగు కాడ ఒక్క బిందె అందుకోలేదే."

"ఆర్డరు అలా ఉంది మరి."

"ఆర్డరు అలా ఉంటే ఆణ్ణే తిప్పమను. పర్మినెంటోడు వదులుతాళ్ళే నీళ్ళు. నువ్వు పడుకో."

థామస్ పడుకున్నాడు. పెళ్ళయ్యాక సూర్యుణ్ణి మంచం మీంచి చూడటం అదే మొదటిసారి. ఎండ కాళ్ళ మీద పడితే ఎంత హాయిగా ఉంటుందో ఇన్నేళ్ళూ తెలియలేదు. వీధిలో ఖాళీ బిందెలు మోగుతుంటే మొదట కాళ్ళు లాగాయి, తాళంచెవి వైపు చెయ్యి కూడా వెళ్ళింది. సలోమి చూసిన చూపుకి మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

ఫోను మోగింది. కమిషనరు గారు.

"థామస్, కళ్ళల్లో సబ్బు మండుతోందయ్యా. నీళ్ళేవి?"

"తమ్ముడు వస్తాడండి."

"ఎప్పుడొస్తాడు?"

"ఆయన మితభాషండి. నాకూ చెప్పలేదు."

ఎండెక్కేసరికి మున్సిపాలిటీ గేటు ముందు బిందెలు పేరుకున్నాయి. ఆ గోలకి గ్రెగరీ లేచి, తలగడ చంకన పెట్టుకుని వెనక గోడ దూకి ఇంటికి పోయాడు. మార్గరెట్ గారు ఇనప గదిలో లోపలి గడియ వేసుకుంది. లాడ్జిలో వాచస్పతి గారు నోటినిండా పేస్టుతో మేనేజరుని ఏదో అడిగారు. అర్థం కాక మేనేజరు బిల్లు తెచ్చిచ్చాడు. ఆయన సంచి సర్దుకుని, మూతి తువ్వాలుతో మూసుకుని, వచ్చిన బస్సు ఎక్కేశారు. పుస్తకం మాత్రం వదిలి వెళ్ళలేదు.

కమిషనరు గారు చెవుల వెనక ఎండిపోయిన నురగతోనే ఆఫీసుకొచ్చి, థామస్‌నీ పేరిందేవి గారినీ పిలిపించారు. భర్త ఒక్కడే వెళ్తే ఏం చేసుకొస్తాడోనని సలోమి కూడా వచ్చి, గుమ్మం బయట నిలబడింది. చంకలో పూల గుడ్డ ఉంది.

"ఆ ఆర్డరు రద్దు చేసి థామస్ పేర రాసేద్దామండి," అంది పేరిందేవి గారు.

"ఎలా రద్దు చేస్తాం? రద్దంటే నా సంతకం తప్పని నేనే ఒప్పుకున్నట్టు. పైగా పేరు థామస్ అనే ఉంది కదా. అక్షరం కూడా తప్పు లేదు."

పేరిందేవి గారు కాసేపు ఫ్యాను వైపు చూసి, తర్వాత థామస్ వైపు తిరిగింది. "అయితే చిన్న థామస్ చేరాడని రాసేద్దాం. ఇదిగో, వచ్చి నిలబడ్డాడు. ఫోటోతో పోల్చి చూసుకున్నా ఇబ్బంది లేదు. కవలలు కదా."

కమిషనరు గారు థామస్‌ని పైనుంచి కిందికి చూశారు. ఇన్నేళ్ళూ చూసిన మనిషినే, ఎన్నడూ చూడనట్టు చూశారు. "మరి పెద్దవాడు?"

"విధులకు గైర్హాజరు. ఇవాళ నీళ్ళు వదల్లేదు కదండీ. తీసేశామని రాసేస్తాను."

"మరి నేను చేసిన సర్వీసో?" అన్నాడు థామస్.

"అది నీది కాదు. మీ అన్నది," అన్నారు కమిషనరు గారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా నమ్మినట్టే ఉంది. "నువ్వు ఈ రోజే చేరుతున్నావు."

థామస్ గుమ్మం వైపు చూశాడు. సలోమి చెయ్యి నడుం మీద, బిందె ఆనీ ఆనీ కాయ కాచిన చోట ఉంది. థామస్ కలం అందుకుని, చేరినట్టు సంతకం పెట్టాడు. చెయ్యి అలవాటు కొద్దీ పాత సంతకమే పెట్టింది. ఎవరూ పోల్చి చూడలేదు.

పెద్ద థామస్‌ని తీసేసిన ఉత్తర్వు కూడా అప్పుడే టైపు అయింది. అతని ఇంటికెళ్ళి ఇవ్వవలసిన పని కొత్త ఉద్యోగికే అప్పగించారు. చిన్న థామస్ తన మొదటి డ్యూటీగా ఆ కవరు జేబులో పెట్టుకుని, వీధులన్నీ తిరిగి వాల్వులు తిప్పి, అద్దె కొంపకెళ్ళి, కవరు తనకి తనే ఇచ్చుకుని, ముట్టినట్టు సంతకం కూడా పెట్టుకున్నాడు.

ఆదివారం నాటికి సామాను క్వార్టరుకి చేరింది. సలోమి పూల గుడ్డ కట్టింది. కాస్త పొట్టయింది గాని, కట్టింది. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్ళు బిందెలో కాకుండా చేతుల మీద పడనిచ్చింది. చాలాసేపు అలాగే నిలబడింది.

శౌరమ్మ పెరట్లో కుక్కి మంచం మీద కూర్చుని ఉంది. థామస్ చెంబుతో నీళ్ళు తెచ్చిస్తే, తాగి, అతని చెయ్యి పట్టుకుని ముఖం తడిమి చూసింది. మసక కళ్ళతో అలాగే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు చిన్నోడివి కదూ?"

థామస్‌కి నవ్వొచ్చింది. కాదందామనుకున్నాడు. కమిషనరు గారికి చెప్పలేనిది ఈవిడకి చెప్పి ఏం లాభమని ఊరుకున్నాడు. "ఆయ్," అన్నాడు.

"మరి పెద్దోడేడిరా?"

"తీసేశారమ్మా."

శౌరమ్మ చెంబులోకి చూసింది. అడుగున కాసిని నీళ్ళు మిగిలి ఉన్నాయి. దాన్ని జాగ్రత్తగా మంచం కోడు పక్కన పెట్టి, పైట చెంగుతో దాని మూతి కప్పింది.

"ఇవి ఆడికుండనీరా. పాపం, పొద్దుటనగా వాల్వులు తిప్పడానికి పోయాడు. దాహంతో వస్తాడు."